కుట్టూ కావాలి, కోలాటమూ కావాలి: లెక్కలు పక్కనపెట్టి రెండిటినీ సరదాగా నడిపించడం ఎలా

ఒకరోజు రాత్రి పదకొండున్నరకి మా హాల్లో సోఫా చుట్టూ గిరగిరా తిరుగుతున్నాను. చేతికున్న వాచ్‌లో 8,700 అడుగులు చూపిస్తోంది, పన్నెండు కొట్టేలోపు 10,000 అవ్వాలి, లేకపోతే నలభై రోజుల నుంచి తెగకుండా వస్తున్న లెక్క తెగిపోతుంది. మా అత్తగారు మంచినీళ్ళకని లేచొచ్చి "ఏం పోయిందే, అలా వెతుకుతున్నావు?" అన్నారు. ఏం చెప్పాలో తోచక "చెవి దిద్దు అత్తయ్యా" అనేశాను. ఆవిడ పాపం లైటేసి, మోకాళ్ళ నొప్పులతోనే వంగి సోఫా కింద వెతకడం మొదలుపెట్టారు. దిద్దు నా చెవికే ఉంది.

అదే రోజుల్లో బీరువాలో ఐదు జాకెట్టు ముక్కలు నన్ను చూసి పళ్ళికిలిస్తుండేవి. చేతికుట్టు నేను పదో తరగతి సెలవుల్లో నేర్చుకున్నాను, గొలుసు కుట్టు, కాడ కుట్టు, ముడి కుట్టు, తర్వాత కచ్ వర్క్, ఏదో దిండు గలీబు మీదో రుమాలు మీదో నాకిష్టమొచ్చినట్టు వేసుకునేదాన్ని. ఎదురింటావిడ చూసి "మా అమ్మాయి పెళ్ళికి ఒక జాకెట్టు చేసిపెట్టమ్మా, డబ్బులిస్తాను" అన్నారు, ఆవిడ చెల్లెలికి ఇంకోటి, ఆ చెల్లెలి ఆడపడుచుకి ఇంకోటి, అలా నాలుగు నెలల్లో నా సరదా కాస్తా ముహూర్తాలకి కట్టుబడ్డ ఉద్యోగం అయిపోయింది. ఆఫీసులో డెడ్‌లైను, ఇంటికొస్తే ఇంకో డెడ్‌లైను. చివరి జాకెట్టు ఇచ్చేశాక ఎనిమిది నెలలు సూది ముట్టుకోలేదు.

రెండిటినీ మళ్ళీ దారిలో పెట్టుకోడానికి నాకు ఏడాది పైనే పట్టింది, మీకు అంత పట్టక్కర్లేదని రాస్తున్నాను. నాకు కుట్టూ కోలాటమూ అయితే మీకు బొమ్మలేయడమూ ఈతా కావచ్చు, ఫ్లూటూ షటిలూ కావచ్చు, చేసే పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

ముందు రెండు వారాలు ఏమీ మార్చకండి

కొత్త టైంటేబుల్ వెయ్యకండి, బూట్లు కొనకండి, రంగుల డబ్బా కొనకండి. మనకి ఆరంభశూరులని పేరు ఉండనే ఉంది, ఆ శూరత్వం అంతా షాపింగ్‌లోనే ఖర్చయిపోతుంది. తిథులూ రాహుకాలమూ ఉండే గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, పాల లెక్క రాసుకునేది, దాంట్లో ఆ రోజు గడిలో పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టండి చాలు. ఏదైనా చేసి లేచాక "ఇది మళ్ళీ రేపు కూడా చెయ్యాలనుంది" అనిపిస్తే చుక్క, "హమ్మయ్య అయిపోయింది" అనిపిస్తే గీత. ఎంతసేపు చేశారు, ఎన్ని క్యాలరీలు, ఎన్ని పేజీలు, ఇవేవీ రాయద్దు.

నా రెండు వారాల్లో జిమ్‌కి వెళ్ళిన ఐదు రోజులూ గీతలే. ఏడాదికి సరిపడా డబ్బు ముందే కట్టేశాను కాబట్టి వెళ్తున్నానంతే. చుక్కలు ఎక్కడ పడ్డాయో చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది, కింద సెల్లార్లో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళు కోలాటం నేర్చుకుంటుంటే చూద్దామని వెళ్ళి ఎవరో రానందుకు జంట కోసం నన్ను లాగిన రోజు ఒకటి, మా పాప స్కూలు సంచికి చిరిగిన చోట ఊరికే ఒక పువ్వు కుట్టిన రోజు ఒకటి. రెండూ నేను లెక్కలోకి కూడా తీసుకోని పనులు. ఈ పద్ధతిలో మీరు పట్టుకోవాల్సింది సరిగ్గా అలాంటివే.

లెక్కలు తీసేయడం

ఇది అన్నిటికన్నా కష్టం, అందుకని ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను. మన భాషలో "పనికిమాలిన" అనేది తిట్టు. చిన్నప్పట్నుంచీ ఖాళీగా కూర్చుంటే తిట్టు, బొమ్మలేస్తే "మార్కులొస్తాయా దాంతో" అని ఇంకో తిట్టు తిని పెరిగినవాళ్ళం కదా, ఏ పని చేసినా చివర్లో ఒక అంకె చూపించుకుంటే గానీ మనసు ఊరుకోదు.

ఆ 10,000 అడుగుల సంగతే తీసుకోండి. అది డాక్టర్లు కూర్చుని తేల్చిన అంకె కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో 1965లో జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముతూ దానికి "మాన్పో-కే" అని పేరు పెట్టింది, అంటే పదివేల అడుగుల మీటరు అని. పేరు బాగుంది, అంకె గుండ్రంగా ఉంది, అరవయ్యేళ్ళుగా ప్రపంచం అంతా దాని వెనకే నడుస్తోంది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న దాదాపు 17,000 మంది ఆడవాళ్ళని గమనించిన ఒక స్టడీ వచ్చింది, అందులో రోజుకి 2,700 అడుగులు నడిచేవాళ్ళకన్నా 4,400 నడిచేవాళ్ళలో చావులు బాగా తక్కువగా కనిపించాయి, 7,500 దాటాక పెద్దగా తేడా కనిపించలేదు. అంటే నేను ఆ రాత్రి సోఫా చుట్టూ తిరిగిన 1,300 అడుగుల వల్ల వచ్చిందల్లా మా అత్తగారికి నడుం నొప్పి.

కుట్టు సంగతికొస్తే ఇంకో పాత ప్రయోగం ఉంది. 1973లో మార్క్ లెప్పర్ అనే సైకాలజిస్టు ఇంకో ఇద్దరితో కలిసి అమెరికాలో నర్సరీ పిల్లల మీద చేశాడు. బొమ్మలు గీయడమంటే ముందునుంచే ఇష్టమున్న పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి "బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు, బంగారు స్టారూ రిబ్బనూ ఉన్నది. రెండో గుంపుకి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మూడోదానికి ఏమీ లేదు. ఒకటి రెండు వారాలయ్యాక అవే పెన్నులు క్లాసులో ఊరికే పెట్టి చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకి మాత్రం ఇష్టం ఏం తగ్గలేదు. నా ఐదు జాకెట్ల కథ ఇదే కదా అనిపించింది చదివినప్పుడు, బంగారు స్టారు బదులు గూగుల్ పే అంతే.

కాబట్టి చెయ్యాల్సింది ఏంటంటే, వాచ్‌ని మీరు చార్జింగ్ పెట్టడం కూడా మర్చిపోయేంత దూరంలో పెట్టండి, లేదా కనీసం అడుగుల నోటిఫికేషన్ ఆపేయండి. రోజులు తెగకుండా లెక్కపెట్టే యాప్ ఏదున్నా తీసేయండి, తీసేసిన రోజు గుండె కలుక్కుమంటుంది, మూడో రోజుకి గుర్తు కూడా ఉండదు. హాబీకి సంబంధించి ఆరు నెలలపాటు రెండు షరతులు: అమ్మకూడదు, ఫోటో పెట్టకూడదు. ఫోటో విషయంలో మా ఆయన ఒప్పుకోలేదు, "నలుగురూ మెచ్చుకుంటే ఉత్సాహం వస్తుంది కదా" అని. వస్తుంది, కానీ తర్వాతి పువ్వు నాకు నచ్చినట్టు కాకుండా ఫోటోలో బాగా పడేట్టు కుట్టడం మొదలుపెడతాను, నా సంగతి నాకు తెలుసు. ఎవరైనా తమంతట తాము మెచ్చి చీర పెడితే మాత్రం శుభ్రంగా తీసుకోండి, చెప్పకుండా వచ్చిన సర్టిఫికెట్ లాంటిది అది.

ఎవరైనా ఆర్డరిస్తామంటే నా జవాబు "నాకు టైంకి చెయ్యడం చేతకాదండీ". అది నిజం కూడా, అందుకే గట్టిగా చెప్పగలుగుతాను. "బిజీగా ఉన్నా" అనకండి, ఎప్పుడు ఖాళీ అవుతావని అడుగుతారు.

ఎక్సర్‌సైజుని రుచి చూసి ఎంచుకోవడం

హాబీ మానేస్తే కొంపలేం మునగవు, ఎక్సర్‌సైజ్ అలా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం, దాంతోపాటు వారానికి రెండు రోజులైనా కండరాలకి పని. ఆ ఒక్క అంకెని అడుగున నేలలా ఉంచుకోండి, దానిమీద ఏం కడతారో మీ ఇష్టం. ఇంతకుముందు ఒక్కోసారి కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్క అనేవాళ్ళు, 2020లో ఆ మాట కూడా తీసేశారు, ఎంత చిన్న ముక్కయినా లెక్కే. మోస్తరు అంటే ఎంత అని మీటరు చూడక్కర్లేదు, చేస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంతే కొలత. షుగర్, బీపీ, గుండె, మోకాళ్ళు ఇలాంటివి ఏమైనా ఉంటే ఏది చెయ్యచ్చో డాక్టర్‌ని అడిగి, ఆయన ఒప్పుకున్న వాటిల్లోంచి మీకు చుక్క పడేది ఏరుకోండి.

నాలుగు వారాలు నాలుగు రకాలు రుచి చూడండి. వారానికి ఒకటి, రెండేసి సార్లు, ఒక్కరోజు చూసి తేల్చేయద్దు ఎందుకంటే మొదటిరోజు ఏదైనా సిగ్గుగానే ఉంటుంది. ఈతకి వెళ్ళచ్చు, కాలనీ పిల్లల్తో షటిల్ ఆడచ్చు, దగ్గర్లో కేబీఆర్ పార్కు లాంటిది ఉంటే నెమళ్ళు చూస్తూ నడవచ్చు, విశాఖవాళ్ళయితే బీచ్ రోడ్డు ఉండనే ఉంది, మీకు నేను చెప్పేదేముంది.

నాకు కోలాటం దగ్గర ఆగింది. చూడ్డానికి ఏముంది కర్రలు కొట్టుకోవడమే కదా అనుకున్నాను గానీ, జంట కోలాటంలో ఒక్క కోపు, అంటే అడుగూ దెబ్బా కలిసిన వరస, తప్పితే ఎదుటావిడ కర్ర మన వేళ్ళమీద పడుతుంది, కాబట్టి ఆఫీసు గొడవలు ఆలోచించే సందే ఉండదు. వంగాలి, తిరగాలి, అడుగు మార్చాలి, చప్పుడు తాళానికి పడాలి, ఇరవై నిమిషాలయ్యేసరికి జాకెట్టు తడిసిపోతుంది, అప్పటికి పాట పాడే ఊపిరి ఎవ్వరికీ మిగలదు, పాట స్పీకర్లోంచే రావాలి. జడ కోలాటం ఇంకా రాలేదు నాకు, తాళ్ళు అల్లుకున్నాక విప్పడం దగ్గర మా బ్యాచ్ మొత్తం చిక్కుపడిపోతుంది, ఒకసారైతే నవ్వలేక కూర్చుండిపోయాం. బతుకమ్మ ఆడే ఊళ్ళవాళ్ళకి ఇది కొత్త కాదు, తొమ్మిది రోజులు చప్పట్లు కొడుతూ వంగి లేస్తూ తిరిగి, సద్దుల రోజు రాత్రి తొడలు ఎలా సలుపుతాయో వాళ్ళనడగండి, కానీ ఒక్కరు కూడా దాన్ని కార్డియో అనరు, అనకపోబట్టే అందరూ వస్తారు.

కండరాల భాగం నాకు ఇప్పటికీ బోరే, దాచుకోవడం ఎందుకు. కుర్చీలోంచి చేతులు పట్టుకోకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి తోయడం, ఇవి కుక్కర్ విజిల్స్ వచ్చేలోపు కానిచ్చేస్తాను. ధనుర్మాసంలో ముగ్గుకి గొంతుక్కూర్చోవడం ఉంటుంది కాబట్టి కొంచెం హుషారు. ఇష్టం లేనిదాన్ని ఇష్టం చేసుకోవాలని కుస్తీ పట్టకుండా చిన్నగా చేసేసి పక్కకి జరగండి.

రెండిటినీ ఒకే వారంలో ఇమడ్చడం

ఇక్కడ అందరూ చేసే తప్పు, రోజూ రెండూ చెయ్యాలనుకోవడం. రోజుని కాదు వారాన్ని చూడండి. నాకు సోమ, బుధ, శుక్ర సాయంత్రాలు కోలాటం, మంగళ, గురు రాత్రి కుట్టు, శనివారం ఏది బుద్ధి పుడితే అది, ఆదివారం ఏదీ లేదు, బట్టలు మడతపెట్టడం ఒక్కటే. మిగతా నడక అంతా కూరగాయలకీ మెట్రో స్టేషన్‌కీ వెళ్ళి రావడంలోనే అయిపోతుంది.

ఒకేరోజు రెండూ పడితే కాళ్ళకి ముందు, చేతులకి తర్వాత. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో ఇద్దరు చేసిన ప్రయోగాల్లో నడుస్తున్నప్పుడు జనానికి కొత్త ఆలోచనలు ఎక్కువ తట్టాయి, గోడకేసి చూస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిచినా సరే, నడిచొచ్చి కూర్చున్నాక కూడా కాసేపు ఆ ఊపు ఉంది. నాకు తెలిసిన ఇంకో కారణం మెడ. కుట్టు ముందు పెట్టుకుంటే గంటసేపు వంగి మెడ పట్టేసి ఇంకెక్కడి కోలాటం. కుట్టేటప్పుడు ఒడిలో దిండు పెట్టుకుని గుడ్డ బిగించిన రింగు దానిమీద ఆనిస్తే చేతులు పైకొస్తాయి, మెడ అంత వంగదు. దారం అయిపోయినప్పుడల్లా లేచి నిలబడండి, దారం మూరకన్నా పొడుగు తీసుకోకండి, ఎలాగూ చిక్కులు పడేదే, ఇలాగైతే ఊరికే లేవాల్సొస్తుంది.

సామాను కళ్ళముందు ఉండాలి. లచ్చిలో ఆరు పోగులుంటాయి కదా, రెండేసి పోగులు విడదీసి మూడు సూదులకి ఎక్కించి పిన్‌కుషన్‌కి గుచ్చి ఉంచుతాను, మధ్యాహ్నం వెలుతురున్నప్పుడే, ఎందుకంటే చత్వారం వచ్చాక రాత్రి లైట్లో సూదిలోకి దారం ఎక్కించడమే ఒక శిక్ష, ఆ శిక్షకి భయపడి మనం ఫోన్ తీసుకుంటాం. కోలాటం కర్రలు చెప్పుల స్టాండ్ దగ్గర. ఎంత సింపుల్‌గా ఉందో అంత పనిచేస్తుంది.

ఇంకోటి, బాగా సాగుతున్నప్పుడే ఆపండి. ఆకు సగంలో ఉండగా సూది గుచ్చి పక్కన పెట్టేస్తే రేపు చెయ్యి దానంతటదే వెళ్తుంది. పూర్తిచేసి పడుకుందాం అని ఒంటిగంట దాకా కూర్చున్నామంటే మర్నాడు గీతే. మొదలుపెట్టినవన్నీ పూర్తిచెయ్యాలని కూడా ఎక్కడా లేదు, నా డ్రాయర్లో సగం మామిడి పిందె ఉన్న కుషన్ కవరు మూడేళ్ళుగా ఉంది, ఇప్పుడు దానిమీద కొత్త కుట్లు ప్రాక్టీసు చేస్తున్నాను.

బద్ధకమా, ఇష్టం లేకపోవడమా

సరదా ముఖ్యం అన్నానని రోజూ సోఫాలో పడుకుని "ఇవాళ నాకు సరదా వెయ్యట్లేదు" అంటే కుదరదు, నేను అలా ఒక నెల గడిపాను. రెండిటికీ తేడా మొదలుపెట్టకముందు తెలీదు. పది నిమిషాలు చెయ్యండి, తర్వాత లేచి వెళ్ళిపోయే పూర్తి స్వేచ్ఛ మీకుంది, నిజంగానే వెళ్ళిపోవచ్చు, మిమ్మల్ని మీరు మోసం చేసుకుని కూర్చోబెట్టడం కాదు. పది నిమిషాలయ్యాక లేచి వెళ్ళబుద్ధి కాకపోతే అది ఉత్త బద్ధకం, పోయింది. అప్పటికీ ఒళ్ళు మొరాయిస్తుంటే ఆ రోజుకి వదిలెయ్యండి. వరసగా ఆరేడుసార్లు అలాగే అయితే ఆ పనే మీది కాదు, డబ్బు కట్టాం కదా అని సాగదీయకండి, నా జిమ్ డబ్బులు నేను వదిలేసుకున్నాను, ఆ బాధ వారం రోజులే ఉంది.

ఇంట్లోవాళ్ళ గురించి కూడా చెప్పాలి. మగవాళ్ళు షటిల్‌కి వెళ్తే ఆరోగ్యం, ఆడవాళ్ళు కోలాటానికి వెళ్తే షికారు అనే లెక్క చాలా ఇళ్ళల్లో ఉంది, మా ఇల్లు మినహాయింపేం కాదు. నేను పర్మిషన్ అడగడం మానేసి సమాచారం ఇవ్వడం మొదలుపెట్టాను: "ఆరున్నర నుంచి ఏడుంపావు దాకా కింద ఉంటాను, పప్పు స్టవ్ మీద ఉంది, మూడు విజిల్స్‌కి ఆపండి." మొదటి వారం పప్పు మాడింది. మాడిన పప్పే తిన్నాం. రెండో వారం నుంచి మాడలేదు.

మధ్యలో తెగిపోయినప్పుడు

తెగుతుంది. పండగలు, పెళ్ళిళ్ళు, పిల్లల పరీక్షలు, వానలు, జ్వరాలు. 2014లోనే కేటీ మిల్క్‌మన్ అనే ఆవిడ ఇంకో ఇద్దరితో కలిసి పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఒక తమాషా చేసింది, ఉత్కంఠగా ఉండే ఆడియో నవలలు జిమ్‌లో మాత్రమే వినేట్టు కొందరికి ఏర్పాటు చేస్తే మొదట్లో వాళ్ళు మిగతావాళ్ళకన్నా 51 శాతం ఎక్కువసార్లు జిమ్‌కి వెళ్ళారు. తర్వాత థాంక్స్‌గివింగ్ సెలవులొచ్చాయి, తిరిగొచ్చేసరికి ఆ ఊపు కాస్తా పోయింది. అమెరికాలో అయినా అంతే, మన సంక్రాంతికైనా అంతే. నేను ఆ చిట్కా వాడుకుంటాను, ఒక సస్పెన్స్ కథ నడిచేటప్పుడే వింటాను, కూర తరిగేటప్పుడు కూడా వినను, సెలవుల నుంచి రాగానే మాత్రం కొత్త కథ పెట్టుకుంటాను, పాతదాంట్లో ఎవరు ఎవర్ని చంపారో అప్పటికి మర్చిపోయి ఉంటాను కాబట్టి.

ఊర్నుంచి వచ్చిన మొదటి వారం సగమే చెయ్యండి. పోయిన రోజులు కలిపి లాగించేద్దామని మూడు రోజుల కోలాటం ఒక్కరోజులో ఆడితే పిక్కలు పట్టేసి ఇంకో వారం పోతుంది. క్యాలెండర్ వెనక్కి తిప్పి ఖాళీ గడులు లెక్కపెట్టకండి, కొత్త నెల పేజీ తిప్పేయండి. కుట్టులో అయితే పెద్ద డిజైన్ జోలికి పోకుండా రుమాలు మూల ఒక పువ్వు. కర్రలు ఎక్కడ పెట్టారో మాత్రం ముందే వెతుక్కోండి, మా ఇంట్లో ఈసారి బియ్యం డబ్బా వెనకాల దొరికాయి, అత్తయ్య వాటితో ఒడియాల గుడ్డ ఆరేశారట.